మాటల ముచ్చట: 'కుంటు' అను మాట

ఈ నెల మాకు అందిన జాబులలో గోదావరి పడమటి యొడ్డున నొక పల్లెనుండి యొక సోదరి వ్రాసినది గలదు. జాబు చిన్నదే గాని అందలి ప్రశ్న చిన్నది కాదు. ఆమె కూతురికి ఎనిమిదవ యేడు. పుట్టుకతోనే ఎడమ పాదము లోపలికి తిరిగి యుండెనట. చికిత్స ఆలస్యముగా జరిగినందున నడకలో కొంత ఒరుగు నిలిచిపోయినది. సెలవు దినములలో వీధి పిల్లలు కుంటాట యాడుచుండగా ఈ పిల్లయు వారితో జేరి, వరుసగా మూడు మార్లు గెలిచినది. ఓడినవారిలో నొకతె, "కుంటిదానికి కుంటడం ఓ గొప్పా?" అన్నదట. పిల్ల యింటికి వచ్చి యేడ్వలేదు. "అమ్మా, ఆ రెండు మాటలూ ఒకటేనా?" అని మాత్ర మడిగినదట. నాయనమ్మగారు ఆనాటినుండి పిల్లను వీధి గడప దాటనిచ్చుట లేదు. తల్లి మమ్ము మూడు సంగతులు అడిగినది: 'కుంటు' అనునది నీచమైన మాటయా? ఆట పేరు మార్చుట మంచిదా? పిల్ల ప్రశ్నకు ఏమని బదులు చెప్పవలెను?

కడపటి ప్రశ్ననే మేము మొదట తీసికొందుము. ఆ పిల్ల యడిగినది మంచి వ్యాకరణప్రశ్న. తెలుగున 'కుంటు' అను ధాతువునకు రెండర్థములు గలవు. నొప్పిచేతనో లోపముచేతనో ఒక కాలిపై బరువు నిలుపలేక ప్రక్కకు ఒరుగుచు నడచుట మొదటిది. ముల్లు గ్రుచ్చుకొన్నవాడు కుంటును. డెక్క పగిలిన యెద్దు కుంటును. ఒక కాలిని మోకాలికడ మడచి పైకెత్తి, రెండవ కాలితోనే గెంతుచు బోవుట రెండవది. పిల్లల యాటలోనిది యిదియే. ఈ రెండును మాటలో నొకటి, చేతలో ఒకదానికొకటి యెదురు. నడకలో కుంటువారికి రెండు పాదములును నేల దాకును. బరువులో హెచ్చుతగ్గు లుండును, అంతే. ఆటలో కుంటువారికి ఎత్తిన పాదపు వ్రేలికొన నేలను సోకినను ఆట పోయినట్లే. నడకలోనిది కోరి తెచ్చుకొన్నది కాదు. ఆటలోనిది కోరి పూనినది. మొదటిది రాత్రి నిద్ర లేచి మంచినీళ్ళకు బోయినను వెంట వచ్చును. రెండవది గీత దాటగానే విడిచిపోవును.

కాబట్టి ఆ వీధిపిల్ల తెలియకయే యొక శ్లేష చేసినది. శ్లేషలో రెండర్థములును పొసగవలెను, ఇందు పొసగలేదు. నడకలో కుంటుటవలన ఆటలో కుంటుట యలవడదు. ఎడమకాలు మెత్తనైన పిల్ల ఎడమకాలిని మడచి కుడికాలిపై గెంతినది. ఏండ్ల తరబడి శరీరపు బరువులో నెక్కువ పాలు మోయుచు వచ్చిన కాలది. ఆ కాలి బలముచేతను, తూనిక తప్పని నేర్పుచేతను గెలిచినది. "ఒకటి కాదమ్మా, ఒకటి నీకు వచ్చినది, ఒకటి నీవు నేర్చినది" అని తల్లి చెప్పవచ్చును. ఎనిమిదేండ్ల పిల్లకు అది తెలియక పోదు.

పట్టణములలో మేడలపై పెరుగుచున్న పిల్లల తల్లులు కొందఱు కుంటాట నెఱుగకపోవచ్చును గాన దాని తీరు కొంచెము చెప్పెదము. నేలపై నొక బరి గీయుదురు. ఒకరు 'దొంగ' యగుదురు. దొంగ ఒక కాలు మడచి కుంటుచునే తక్కినవారిని అంటవలెను; తక్కినవారు రెండు కాళ్ళతో పరుగెత్తవచ్చును గాని బరి దాటరాదు. మడచిన కాలు నేల మోపినచో దొంగ ఓడినట్లు. ఊరూర నియమములు కొంత మాఱుచుండును. త్రొక్కుడుబిళ్ళలోను కుంటుటయే ముఖ్యము. బొగ్గుతోనో సుద్దతోనో గళ్ళు గీసి, కుండపెంకు నొక గడిలో విసరి, కుంటుచు బోయి, గెంతు కాలితోనే దానిని గడి గడికి నెట్టుచు వెలికి దేవలెను. పెంకు గాని పాదము గాని గీతపై బడరాదు. చూచుటకు సులువు. ఎన్నడైన నడివయసున నాడి చూచిన సోదరీమణులకు పిక్కలు చెప్పును.

గెంతుటకు సంబంధించిన మాటలు మన భాషలో తక్కువ లేవు. పైకి పోవునది ఎగురుట. మీదినుండి క్రిందికి వచ్చునది దుముకుట. అడ్డము వచ్చినదాని నతిక్రమించునది దాటుట. ఒళ్ళు కూడదీసికొని ఒక్క పెట్టున లేచునది కుప్పించుట. లయకు తగినట్లు కాళ్ళు వేయుట చిందు. సంతోషము పట్టలేక లేగదూడ చేయునది గంతు. వీనిలో నేదియు కుంటుటకు బదులు రాదు. ఒంటికాలి గెంతునకు మనకు మిగిలిన యొంటి మాట ఇది. దీనిని విడిచినచో "ఒంటికాలిపై నెగురుట" యని మూడు మాటలు కూర్చవలసి వచ్చును. ఆటలో నున్న పిల్లలకు అంత తీరిక యుండదు.

ఈ రెండర్థముల చిక్కు మన భాషకే కలిగినది కాదు. కన్నడములోను ఇదే ధాతువు గలదు. మన త్రొక్కుడుబిళ్ళను వారు కుంటెబిల్లె యందురు. తమిళులు కాలు లేనివానిని నొండి యందురు. ఒంటికాలి యాటను గూడ నొండి యనియే పిలుతురు. మహారాష్ట్రమున లంగడి యను ఆట ప్రసిద్ధము. పిల్లలకే గాక పెద్దలకును దానిలో పోటీలు జరుగును. ఆ మాటయు కుంటితనమునుండి వచ్చినదే. సముద్రములు దాటి పోయినను ఇంతే. జర్మను భాషలో కుంటి నడకకు హింకెన్ అని పేరు; ఆ దేశమున కొన్ని సీమలలో త్రొక్కుడుబిళ్ళవంటి యాటకు హింకెకాస్టెన్, అనగా కుంటుడుగళ్ళు, అని పేరు. ఆంగ్లేయుల హాప్‌స్కాచ్ మాత్రము ఈ చిక్కునుండి తప్పించుకొన్నది. వారికి కుంటి నడకకు ఒక మాట, ఒంటికాలి గెంతునకు వేఱొక మాట గలవు. అందలి స్కాచ్ అనునది స్కాట్లండు దేశమునకు సంబంధించినది కాదు, గీచిన గీత యని యర్థము. మాట వేఱైనంత మాత్రమున ఆ దేశపు పిల్లలు కుంటివారిని గేలి చేయలేదని చెప్పుటకు వీలు లేదు. ఆట పేరు మార్చదలచువారు ఈ సంగతి మఱువరాదు.

తమిళుల నొండిని గూర్చి యింకొక మాట. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో ఆ భాషయందు నొండినాటకము లను ప్రబంధములు వెలసినవి. ఒక్కడే నటుడు ఒక కాలు మడచి కుంటుచు తన కథను తానే పాడును. వాడు భోగములలో ధనము పోగొట్టుకొని, గుఱ్ఱమును దొంగిలింపబోయి పట్టువడి, శిక్షగా కాలు పోగొట్టుకొన్నవాడు. పిదప పశ్చాత్తప్తుడై దైవకృపచే కాలు తిరిగి పొందును. ఒంటికాలిపై అంతసేపు ఆడి పాడుట నటునకు సామాన్యమైన పని కాదు. ఆ విద్యకు మేము జోహారు చేయుదుము. కథ మాత్రము మాకు రుచింపదు. కాలు లేకపోవుట పాపమునకు గుర్తు, కాలు వచ్చుట పుణ్యమునకు గుర్తు అను తలపు వినువారి మనస్సులలో నాటుకొనును. ఆ తలపే వీధిలో పిల్లవాని నోట తిట్టుగా మొలచును.

మన పురాణములు ఈ విషయమున ఒక్క త్రోవను బోలేదు. భాగవతము ప్రథమస్కంధమున ధర్మము వృషభరూపమున ఒంటికాలిపై కుంటుచు తిరుగును. తపస్సు, శౌచము, దయ యను మూడు పాదములు విఱిగినవి. సత్య మొక్కటి మిగిలినది. రాజువేషమున నున్న కలి దానిని కొట్టుచుండగా పరీక్షిన్మహారాజు వచ్చి, నిన్నీ గతి పట్టించిన దెవరని యడుగును. వృషభము ఎవరి పేరును చెప్పదు. ఆ ఘట్టము చదువునపుడు కుంటుచున్నది తక్కువదని యెవరికిని తోపదు. కొట్టుచున్నవాడే తక్కువవాడని తోచును. సాంఖ్యులు చెప్పు పంగ్వంధన్యాయము మఱియు చిత్రము. గ్రుడ్డివాని భుజముపై కుంటివాడు కూర్చుండి త్రోవ చూపగా ఇరువురును అడవి దాటుదురు. అందు గ్రుడ్డిది ప్రకృతి. కుంటివాడు పురుషుడు, అనగా చూచువాడు, ఎఱిగినవాడు. శాస్త్రకారులు తెలివిని కుంటివానియందే యుంచిరి.

అనూరుని కథ యందఱికిని తెలిసినదే. సవతి కద్రువకు బిడ్డలు కలిగిరని తాళలేక వినత తన గ్రుడ్డు నొకదానిని గడువు తీరకయే పగులగొట్టగా తొడలు లేని కొడుకు పుట్టెను. అతడే అరుణుడు, సూర్యుని రథమునకు సారథి. ఏడు గుఱ్ఱముల పగ్గములు పట్టుటకు తొడలు లేకపోవుట అడ్డము కాలేదు. ఆ కథను మేము ప్రీతితో చదువుదుము గాని యందొక ముల్లున్నది. కొడుకు పుట్టిన వెంటనే తల్లిని శపించును. తప్పంతయు తల్లి తొందరపాటుదే. పురాణమునకు అది తగియుండవచ్చును. దానిని తెచ్చి మన కాన్పులకు అంటగట్టుట తగదు.

అంటగట్టుట జరుగుచునే యున్నది. పెదవి చీలిక గల బిడ్డను గ్రహణమొఱ్ఱి యందుము. కడుపుతో నున్నది గ్రహణమునాడు కూరగాయలు తఱిగినదను నేర మా మాటలో దాగియున్నది. వంకర పాదమునకును గ్రహణమే కారణమని చెప్పువారు గలరు. జాబు వ్రాసిన సోదరికి ఆ మాట తప్పలేదని జాబు తీరునుబట్టియే తోచుచున్నది. సోదరీ, పాదము లోపలికి తిరిగి పుట్టుట ఇంచుమించు వేయి కాన్పులలో నొకదానియందు కనబడును. గ్రహణము లేని యేటను, కత్తిపీట ముట్టని తల్లికిని పుట్టును. పోన్సెటి యను వైద్యుడు అమెరికాలో నెలకొల్పిన పద్ధతి యిపుడు మన దేశమునను వాడుకలో నున్నది. పుట్టిన కొన్ని వారములలోనే మొదలిడి, వారమున కొకసారి పాదమును కొంచెము కొంచెముగా సరిచేసి పిండికట్టు వేయుదురు. ఐదారు కట్లకు పాదము చాలవఱకు దారికి వచ్చును. పెక్కుమందికి మడమ వెనుకటి నరమును చిన్న గాటుతో వదులు చేయవలసి వచ్చును. పిదప నాలుగేండ్ల వయసు వఱకు రాత్రులందు ప్రత్యేకపు చెప్పులు తొడిగి నిద్రింపజేయుదురు. ఈ చెప్పులను నడుమ విడిచినచో పాదము మరల తిరుగును. విడువకుండుటయే తల్లుల వంతు. కడుపుతో నున్నవారును బాలింతలును దీనిని గుర్తుంచుకొందురు గాక. ఎనిమిదేండ్లకును వైద్యము లేదని కాదు. ఎముకల వైద్యునికి మరల చూపవలెను.

ఇక మాట నీచమా కాదా యను ప్రశ్న. 'కుంటు' క్రియగా నున్నంతసేపు దానియందు మాకు ఏ దోషమును కనబడదు. ఎద్దు కుంటుచున్నదనిన చూచినది చెప్పుటయే. పనులు కుంటుపడినవని పత్రికలు వ్రాయుచున్నవి. అదియు నడక తీరే గాని యెవరిని ఉద్దేశించినదియు కాదు. క్రియ నామమైనపుడు, ఒకరి పేరునకు ముందు వచ్చి కూర్చున్నపుడు చిక్కు మొదలగును. ఒక యూర ఇద్దఱు రాముళ్ళున్నచో ఒకడు పొట్టిరాముడు, ఒకడు కుంటిరాముడు. పొట్టిరాముడు పెరిగి ఆరడుగుల వాడైనను పొట్టిరాముడే. క్రియకు కాలమున్నది, భూత వర్తమాన భవిష్యత్తు లున్నవి, కుంటినవాడు రేపు కుంటకపోవచ్చును. 'కుంటి' యను విశేషణమునకు కాలము లేదు.

ఆ పేరు ఎంతటివానికి నంటుకొనునో చూడుడు. ఢిల్లీని 1398లో దోచిన తైమూరు సగము ఆసియాను గడగడ వణకించెను. ఆయన కాలి లోపమునుబట్టి పారసీకులు తైమూర్ లంగ్, అనగా కుంటి తైమూరు, అనిరి. యూరపువారు ఆ రెండు మాటలను గలిపి టామర్లేన్ చేసి, కుంటితనమును పేరులోనే కుట్టివేసిరి. 1941లో సమర్‌ఖండున సమాధి తెఱచి ఎముకలు పరీక్షించినవారు కాలి లోపము నిజమేనని తేల్చిరి. ఐదువందల యేండ్లు దాటినను జనులు వెదకినది ఆ కాలినే. అంతటి చక్రవర్తి వదలించుకొనలేని దానిని ఎనిమిదేండ్ల పిల్ల యెట్లు వదలించుకొనును? కాశీలోని లంగడా మామిడి పండుకు మాత్రము ఆ పేరువలన లోటు రాలేదు. ఆ చెట్టును పెంచినవాడు కుంటివాడని చెప్పుకొందురు. పండు తీయనిది గనుక అడుగువారు లేరు.

ఒక ఆక్షేపణ రావచ్చును. ఆటలో 'దొంగ' యనునదియు నామమే గదా, దానికి ఎవరును నొచ్చుకొనరే యని. నిజమే. ఆట ముగియగానే ఆ పేరు ఆ బరిలోనే పడియుండును. మఱునాడు ఇంకొకరు దానిని తొడుగుకొందురు. వంతులవారీగా వచ్చు పేరు బాధింపదు. ఒక్కరికే వచ్చి, ఆ యొక్కరినుండి పోనిది బాధించును.

మునుపు ప్రతి యూరను ఇట్టి పిల్లలు ముగ్గురు నలుగురు కనబడెడివారు. పోలియో వ్యాధి దానికి ముఖ్య కారణము. 1995 మొదలు దేశమంతట ఒకే దినమున చుక్కలు వేయుట సాగినది. 2011 జనవరి 13వ తేదీన వంగదేశమున హౌరా ప్రాంతపు బిడ్డకు కనబడినదే మన దేశమున ఆ వ్యాధి సహజముగా సోకిన కడపటి సందర్భము. 2014 మార్చి 27న మన దేశము పోలియో లేని దేశముగా ప్రకటింపబడెను. ఇంటింటికి తిరిగి చుక్కలు వేసినవారిలో నధికులు స్త్రీలే. ఇది గొప్ప శుభము. కాని శుభములోనే యొక చిక్కు పుట్టినది. వీధికి నలుగురున్ననాడు నలుగురును ఒకరికొకరు తోడు. ఇపుడు వీధికి ఒక్కతె. అందఱి చూపును ఆమె మీదనే.

చట్టమునకు గూడ ఈ సంగతి తెలిసినది. 2016లో చేయబడి 2017 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము, అవమానింపవలెనను తలపుతో పదిమంది చూచుచోట ఇట్టివారిని తూలనాడినచో ఆరు నెలలకు తక్కువ గాకుండ ఐదేండ్ల వఱకు ఖైదును జరిమానాను విధించుచున్నది. వీధిలో నాడుకొను పసిపిల్లలపైకి ఈ చట్టమును ప్రయోగింపుమని మేము చెప్పబోము. బడిలో ఉపాధ్యాయులు, బస్సులో పెద్దలు, పెండ్లి చూపులలో పేరయ్యలు దీనిని తెలిసికొని యుండుట మంచిది. పిల్లల నోటికి మాటలు ఆకాశమునుండి రాలవు. ఆ వీధిపిల్ల మాట మొదట ఎవరో పెద్దల అరుగుమీద పుట్టియుండును.

వికలాంగు లను మాట బాగులేదని 2015 డిసెంబరులో దేశ ప్రధాని దివ్యాంగు లను మాటను సూచించిరి. ప్రభుత్వ కార్యాలయములలో అది పాకినది. విభిన్న ప్రతిభావంతు లను మాటయు మనవైపు బోర్డులపై కనబడును. ఈ బిరుదులు మాకు వలదని ఆ వర్గమువారి సంఘములే కొన్ని చెప్పినవి. మా యభిప్రాయము వారితోనే. మెట్లు ఎక్కలేనివారిని దివ్యులని పొగడి మెట్లు అట్లే యుంచుటకంటె, మెట్ల ప్రక్కన వాలు దారి కట్టి ఊరకుండుట మేలు. కార్యాలయమున కాగితము వ్రాయునపుడు ఏదో యొక మాట కావలసివచ్చును, వ్రాయవచ్చును. వీధిలో పిల్లను పిలుచుటకు ఆ పిల్లకు తలిదండ్రులు పెట్టిన పేరున్నది.

నిందకు వాడు పలుకుబడుల సంగతియు పాఠికలు అడుగవచ్చును. కుంటిసాకు లను మాట మా ముందుకు వచ్చినపుడు మేము దానిని కొట్టివేసి 'వంక' యని వ్రాయుదుము. వంకయు వంకరతనమునుండి వచ్చినదే గదా యని నవ్వువారుండవచ్చును. కాని ఆ వంకరతనము త్రోవది, ఏటిది. మనుష్యుని కాలిది కాదు. ఒంటికాలిపై లేచుట యను పలుకుబడి మాత్రము మాకు ముచ్చట. కోపము వచ్చినవాడు రెండవ కాలు మోపువఱకును ఆగలేడని దాని భావము. ఒంటికాలిపై తపస్సు చేయుట యన్నపుడు అదే భంగిమ నిగ్రహమునకు గుర్తగును.

ఇక ఆట పేరు. మార్చవలదని మా సలహా. ఒంటికాలాట యని పేరు పెట్టినచో వారము దినములలో పిల్లలు ఆ పిల్లను ఒంటికాలు అని పిలుతురు. అపుడు రెండు మాటలు చెడును. పైగా ఈ ఆటయే ఆ పిల్లకు తగిన ఆట. పరుగుపందెమున రెండు కాళ్ళును సమముగా కావలెను. అందు ఆమెకు వెనుకబాటు తప్పదు. కుంటాటలో దొంగ యైన ప్రతివారును ఒక కాలిని ప్రక్కకు పెట్టి రావలెను. రెండు మంచి కాళ్ళున్న పిల్లకును ఒకటే కాలు, ఈ పిల్లకును ఒకటే కాలు. వీధిలో ఆమె తక్కినవారితో సరిసమానముగా నిలువగల చోటు ఆ బరి. ఆమె గెలిచినదను సంగతియే ఓడినవారికి సహింపలేదు. లేకున్నచో ఆ మాట వచ్చియుండదు. ఓడిన పిల్లల వెనుకటి కథ యంతే.

ఒంటికాలి గెంతు ఎంత దూరము పోవునో చెప్పుటకు తమిళదేశమున సేలము సీమకు చెందిన మారియప్పన్ తంగవేలును చూపవచ్చును. ఐదేండ్ల వయసున బస్సు క్రింద బడి కుడికాలు నలిగినవాడు. 2016లో రియో నగరమున జరిగిన పారాలింపిక్ క్రీడలలో ఎత్తు దుముకు పందెమున 1.89 మీటర్లు దాటి స్వర్ణపతకము గెలిచెను. ఆ ఎత్తు మన యిండ్ల వాకిటి తలుపు పైకమ్మికి ఇంచుమించు సమానము. నిలువెత్తు మనిషి తల దాటును. నృత్యమున సుధాచంద్రన్ గారి పేరు మన యాంధ్రులకు క్రొత్త కాదు. 1981లో జరిగిన ప్రమాదమువలన కుడి పాదము పోయి, జైపూరు పాదము తొడుగుకొని మరల రంగమెక్కిరి. ఆమె కథనే సింగీతం శ్రీనివాసరావు గారు 1985లో మయూరి యను తెలుగు చిత్రముగా తీయగా అందు ఆమెయే నటించిరి. నాయనమ్మగారు ఆ చిత్రమును తప్పక చూచియుందురు. మనుమరాలితో కూర్చుండి ఇంకొకసారి చూచినచో మా జాబుకంటె అది యెక్కువ పనిచేయును.

నాయనమ్మగారిని మేము తప్పు పట్టుట లేదు. పిల్ల నొచ్చుకొనునని వెఱచి తలుపు వేసినారు. కాని పిల్ల నొచ్చుకొనలేదు, ప్రశ్న వేసినది. తలుపు వేసినచో ప్రశ్నకు బదులు దొరకదు. ఆ వీధిపిల్ల మాటయే కడపటి మాటగా నిలిచిపోవును. మేము సూచించునది యిది. వైద్యుని అడిగి, చీలమండకు దెబ్బ తగులదని తెలిసికొన్న పిమ్మట, మెత్తని నేలపై ఆటకు పంపవలెను. త్రొక్కుడుబిళ్ళలో కొన్ని యూళ్ళ నియమము చొప్పున ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు వాడవలసియుండును. ఆమెకు కుడికాలే చాలునని పిల్లలు ముందుగా ఒడంబడిక చేసికొందురు గాక. పసివారిని ఆటలో 'అరటిపండు'గా చేర్చుకొనుట మన పిల్లలకు అలవాటే. నియమమును సడలించుట వారికి తెలియని విద్య కాదు. ఈ పిల్లను మాత్రము అరటిపండుగా చేర్చుకొనరాదు. ఓడినచో ఓడినట్లే లెక్క వేయవలెను. దెప్పిన పిల్లను పిలిచి తిట్టవలదు. ఆ పిల్ల తల్లితో అరుగుమీద కూర్చుండి ఒక మాట చెప్పిన చాలును. అది యెట్లు చెప్పవలెనో అత్తాకోడండ్రు ఇరువురును మాకంటె బాగుగా నెఱుగుదురు.

కుంటుట, కుంటాట, కుంటెబిల్లె యను మాటలతో పాటు తమ తమ సీమలలో ఒంటికాలి యాటలకు ఏమే పేర్లున్నవో పాఠికలు వ్రాసి పంపిన ప్రకటింతుము. నియమములును వ్రాయవలెను, వట్టి పేరు చాలదు. వచ్చు నెల 'దొంగ' యను మాటను తీసికొందుము. ఆటలలో నెల్ల అంటువారినే దొంగ యనుటకు కారణమేమని కడపనుండి యొక సోదరి యడిగియున్నది. దొంగ పట్టుబడువాడు గదా, పట్టువాడెట్లయ్యె నని ఆమె ప్రశ్న.